పరమాణువు కంటే ముందు వచ్చిన ప్రశ్న

చిరంజీవి అబ్బాయికి అమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయంలో ప్రాచీన గ్రీకు తత్వవేత్తల గురించి ఒక పేజీ ఉందనీ, థేలీస్ సర్వానికీ మూలం నీరన్నాడనీ, అనాక్సిమెనీస్ గాలి అన్నాడనీ, హెరాక్లిటస్ నిప్పు అన్నాడనీ, డెమోక్రిటస్ ఒక్కడికే అదృష్టం కలిసివచ్చి పరమాణువు అన్నాడనీ, ఇలాంటి ఊహలను భౌతికశాస్త్ర విద్యార్థి ఎందుకు చదవాలనీ అడిగావు. ఆ పేజీలో వాళ్ల జవాబులు మాత్రమే ఉన్నాయి. వాటికి వాళ్లు చెప్పిన కారణాలు, ఒకరి కారణాన్ని మరొకరు తప్పుపట్టిన తీరు లేవు. వాదప్రతివాదాలను తీసివేస్తే ఎవరికైనా నీకు కలిగిన సందేహమే కలుగుతుంది. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను, తీరిక చూసుకుని చదువు.

ఇప్పటి టర్కీ పశ్చిమ తీరంలో మిలెటస్ అనే వర్తక నగరం ఉండేది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో అక్కడి థేలీస్ భూమి నీటిమీద తేలుతోందన్నాడు. అయితే ఆ నీరు దేనిమీద నిలిచింది? అదే నగరానికి చెందిన అనాక్సిమాండర్ ఆ చిక్కు నుంచి బయటపడ్డ తీరు చూస్తే నాకు ఈనాటికీ ఆశ్చర్యమే. భూమి దేనిమీదా ఆనుకుని లేదనీ, అది అన్నింటికీ నడుమ, అన్ని వైపులకూ సమానదూరంలో ఉన్నదనీ, కాబట్టి పైకో కిందికో పక్కకో కదలడానికి దానికి కారణమేదీ లేక అలాగే నిలిచి ఉందనీ అతడు చెప్పాడు. భూమిని అతడు వెడల్పులో మూడో వంతు మందం ఉన్న రాతి స్తంభపు ముక్కలా ఊహించాడు, అది తప్పు. కానీ ఒక దిక్కుకూ మరో దిక్కుకూ తేడా లేనప్పుడు ఫలితంలోనూ తేడా ఉండదనే ఆ తర్కాన్ని నువ్వు వదులుకోలేవు. గాస్ నియమంతో ఆవేశిత గోళం చుట్టూ విద్యుత్ క్షేత్రాన్ని లెక్కించేటప్పుడు మొదటి మెట్టులోనే నువ్వు దాన్ని వాడుకుంటావు.

అనాక్సిమెనీస్ విషయానికి వస్తే, గాలి అన్నాడన్న మాట కంటే ఎలా అన్నాడన్నది ముఖ్యం. గాలి పలచబడితే నిప్పవుతుందనీ, చిక్కబడేకొద్దీ వరుసగా మేఘం, నీరు, మట్టి, రాయి అవుతుందనీ అతడు ప్రతిపాదించాడు. పెదవులు బిగించి అరచేతిమీద ఊదితే చల్లగా, నోరు బాగా తెరిచి ఊదితే వెచ్చగా తగులుతుంది కాబట్టి చిక్కబడటం చలికీ, పలచబడటం వేడికీ కారణమన్నాడు. ఇప్పుడే ఊది చూడు. అతడు చేసిన నిర్ణయం తప్పు. సైకిలు పంపులో నొక్కిన గాలి వేడెక్కుతుందని నీకు తెలుసు, పెదవుల మధ్య నుంచి వేగంగా వెలువడే ఊపిరి చుట్టూ ఉన్న చల్లగాలిని కలుపుకుని వస్తుందనీ తెలుసు. అయినా ఒక పదార్థంలోని గుణభేదాలన్నింటినీ దాని సాంద్రతతో వివరించాలని పూనుకోవడం, అందుకు ఎవరైనా చేసి చూడగల పరీక్షను చూపించడం చిన్న విషయాలు కావు.

వీరందరి మీదా పిడుగులా పడినవాడు పార్మెనిడీస్. దక్షిణ ఇటలీలోని ఎలియా నగరంవాడు, క్రీ.పూ. 5వ శతాబ్దపు తొలినాళ్లవాడు. అతడు తన వాదాన్ని పద్యకావ్యంగా రాశాడు. లేనిదానిని తలచుకోవడం గానీ చెప్పడం గానీ సాధ్యం కాదు. లేనిదాని నుంచి ఏదీ పుట్టదు. కాబట్టి ఉన్నది కొత్తగా పుట్టింది కాదు, నశించేదీ కాదు. మార్పు అంటే లేనిది ఉనికిలోకి రావడమో ఉన్నది లేకుండా పోవడమో కాబట్టి మార్పు కూడా అసాధ్యం. మన కళ్లకు కనబడే మార్పంతా భ్రమ. ఈ నిర్ణయాన్ని నమ్మేవారు అరుదు, కానీ అందులోని ఏ మెట్టు జారిందో వేలు పెట్టి చూపడం ఎంత కష్టమో నువ్వే ప్రయత్నించి చూడు. అతని తరువాత ప్రకృతి గురించి రాసిన ప్రతివాడూ ముందు అతనికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

సిసిలీలోని అక్రాగాస్ నగరవాసి ఎంపెడొక్లిస్ జవాబు ఇది: మట్టి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు మూలాలు శాశ్వతం, వాటిని కలిపే శక్తి ప్రేమ, విడదీసే శక్తి కలహం, మనం పుట్టుక అని పిలిచేది కలయిక మాత్రమే. అడుగున సన్నని రంధ్రాలు, పైన ఇరుకైన మూతి ఉన్న పాత్రను, మూతిని చేత్తో మూసి నీటిలో ముంచితే నీరు లోపలికి రాదనీ, చెయ్యి తీస్తే వస్తుందనీ అతడు వర్ణించాడు. శ్వాసక్రియను వివరించడానికి తెచ్చిన ఆ ఉదాహరణలో గాలి కంటికి కనబడకపోయినా చోటు ఆక్రమించే వస్తువని స్పష్టంగా తెలుస్తుంది. ఈ నాలుగు మూలాలను చూడగానే నీకు మన పంచభూతాలు గుర్తుకు రావడం సహజం. పోలిక ఉన్నంతమాత్రాన ఒకరి దగ్గర నుంచి మరొకరు తీసుకున్నారని తేల్చిచెప్పడం తగదు.

ఇక నువ్వు అదృష్టమన్న పరమాణువు దగ్గరికి వద్దాం. ల్యూసిప్పస్, అతని తరువాత అబ్డెరా నగరవాసి డెమోక్రిటస్ పార్మెనిడీస్ చెప్పినదానిలో సగం ఒప్పుకున్నారు. ఉన్నది పుట్టదు, చావదు, మారదు. సరే, ప్రతి పరమాణువూ అటువంటిదే, దాని లోపల ఖాళీ లేదు కనుక దాన్ని ఖండించడం కుదరదు. మిగిలిన సగాన్ని వారు ఎదిరించారు. శూన్యం కూడా ఉన్నదనీ, అది ఉండబట్టే పరమాణువులు కదలగలవనీ, కదిలి ఢీకొని చిక్కుపడి విడిపోగలవనీ అన్నారు. పరమాణువుల మధ్య ఉండే తేడాలు ఆకారం, క్రమం, తిరిగి ఉన్న తీరు మాత్రమేనట. అరిస్టాటిల్ దీన్ని అక్షరాలతో వివరించాడు: ఏ, ఎన్ ఆకారంలో వేరు; ఏఎన్, ఎన్ఏ క్రమంలో వేరు; జెడ్‌ను పక్కకు తిప్పితే ఎన్ అవుతుంది. మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన వైశేషికాన్ని అనుసరించినవారి పరమాణువులకు రుచి, గంధం, రూపం వంటి గుణాలు సహజంగా ఉంటాయి. డెమోక్రిటస్ పరమాణువులకు అవేవీ లేవు. తీపి, చేదు, వేడి, చలి, రంగు అన్నీ వాడుకను బట్టి ఉన్నవనీ, యథార్థంగా ఉన్నవి పరమాణువులూ శూన్యమేననీ అతడన్నాడు. అంతటితో ఆగక, ఇంద్రియాలు బుద్ధికి ఎదురుచెప్పినట్టు కూడా రాశాడు: సాక్ష్యాలన్నీ మా దగ్గర తీసుకుని మమ్మల్నే పడగొడతావా, మేము పడితే నువ్వూ పడినట్టే అని. తన సిద్ధాంతపు బలహీనతను ఇంత నిర్మొహమాటంగా చూపించిన రచయితలను నేను ఎక్కువమందిని ఎరగను.

ఇందులో అదృష్టం ఎక్కడుంది? పోనీ అతనికి గురి కుదిరిందనుకున్నా, అది కూడా సరికాదు. 1808లో డాల్టన్ ప్రచురించిన పరమాణు సిద్ధాంతం మూలకాలు కలిసే బరువుల నిష్పత్తుల మీద ఆధారపడింది. డెమోక్రిటస్ ఏదీ తూచలేదు. పైగా మన పరమాణువులో ఎలక్ట్రానులు, కేంద్రకం ఉన్నాయి, అది చీలుతుంది కూడా.

డెమోక్రిటస్ గ్రంథాలు దాదాపు అన్నీ నశించాయి. అతని సిద్ధాంతం గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం అతన్ని గట్టిగా ఖండించిన అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) వల్లనే మిగిలింది. శూన్యం ఉండదనడానికి అరిస్టాటిల్ చెప్పిన కారణాలలో రెండింటిని నీకు ప్రత్యేకంగా చెప్పాలి. శూన్యంలో ఒక చోటికీ మరో చోటికీ భేదం లేదు కాబట్టి కదిలే వస్తువు ఫలానా చోట ఆగడానికి కారణం ఉండదు, అంటే ఏదో బలమైనది అడ్డుపడేదాకా అది అంతులేకుండా కదులుతూనే ఉండాలి. అలాగే బరువైనదీ తేలికైనదీ శూన్యంలో ఒకే వేగంతో పోవాలి. ఈ రెండూ అసంభవం కాబట్టి శూన్యమే అసంభవమని అతడు తేల్చాడు. నువ్వు మొదటిది న్యూటన్ మొదటి నియమంగా, రెండోది గాలి తీసేసిన గొట్టంలో నాణెం, ఈక కలిసి పడే ప్రయోగంగా చదివావు. తర్కం చివరిదాకా సరిగ్గా నడిచింది, అక్కడ కనబడినదాన్ని అతడు నమ్మలేకపోయాడు.

గ్రంథాలయంలో అరిస్టాటిల్ ఖగోళ గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం దొరికితే, రెండో భాగంలోని 13, 14 అధ్యాయాలు ముందు చదువు. చంద్రగ్రహణంలో పడే నీడ అంచు వంపుగా ఉండటాన్నీ, ఈజిప్టులోనూ సైప్రస్‌లోనూ కనిపించే కొన్ని నక్షత్రాలు ఉత్తరాన కనబడకపోవడాన్నీ చూపించి భూమి గోళమని అతడు నిరూపించేది 14వ అధ్యాయంలోనే. 13లో అనాక్సిమాండర్ వాదం మీద అతని అభ్యంతరం ఉంది: సమానదూరమే కారణమైతే, నడుమ పెట్టిన నిప్పు కూడా కదలకుండా ఉండాలి కదా, అది పైకి ఎందుకు పోతుంది అని. ఆ అభ్యంతరం నిలుస్తుందా, అనాక్సిమాండర్ పక్షాన నువ్వైతే ఏమని బదులిస్తావో నాకు రాయి.

ఆశీస్సులతో,
అమ్మ