చవక కీవర్డ్ల జాబితా ఇక అమ్మడం లేదు

మా దగ్గర కీవర్డ్ల జాబితాలు కొన్నవారికి, ప్రకటనల ఖాతాలు మాకు అప్పగించినవారికి నమస్కారం.

గత నవంబరు నుంచి మార్చి వరకు "రెండు రూపాయల లోపు కీవర్డ్లు" అన్న పేరుతో మేము ఒక జాబితా అమ్మాము. కీవర్డు అంటే, గూగుల్‌లో ఎవరైనా వెతికినప్పుడు మన ప్రకటన కనిపించడానికి మనం ఎంచుకునే మాట. ఆ ప్రకటనను నొక్కిన ప్రతి క్లిక్కుకూ డబ్బు కడతాం. నాలుగు వందల కీవర్డ్లు, మూడు వేల రూపాయలు. క్లిక్కులు మేము చెప్పిన ధరకే వచ్చాయి. అయినా వాటిని నమ్ముకుని అఫిలియేట్ ప్రకటనలు (వేరేవారి వస్తువు అమ్మిపెట్టి కమిషన్ తీసుకునేవి) నడిపిన మీలో చాలామంది చేతి డబ్బు పోగొట్టుకున్నారు. ఆ మూడు వేలూ అందరికీ తిరిగి ఇస్తున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకునే హక్కు మీకుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో వనస్థలిపురం నుంచి ఒక కస్టమర్ అమీర్‌పేటలోని మా ఆఫీసుకు వచ్చారు. ఆవిడ ఇంటి నుంచే వాటర్ ప్యూరిఫయర్ల గురించి ఒక సైటు నడుపుతున్నారు. అందులోని లింకు నొక్కి ఎవరైనా కొంటే కమిషన్ వస్తుంది. ఖర్చుల కాగితం నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా కూర్చున్నారు. క్లిక్కుకు 1.80 రూపాయల చొప్పున 1,140 క్లిక్కులు. 18 శాతం జీఎస్టీతో కలిపి దాదాపు 2,420 రూపాయలు. వచ్చిన ఆర్డర్లు రెండు, అందులో ఒకటి వెనక్కి వెళ్లింది. మిగిలిన కమిషన్ 150 రూపాయలు.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఆవిడ ఖాతాలో సెర్చ్ టర్మ్స్ నివేదిక తెరిచాము. మనం కొన్న కీవర్డు ఒకటి, మనిషి నిజంగా టైప్ చేసిన మాట ఇంకొకటి. ఆ రెండో దాన్ని చూపించేది ఈ నివేదిక. (2020 నుంచి గూగుల్ అన్ని మాటలనూ ఇందులో చూపించడం లేదు, అయినా చూపించినంత చాలు.) సగానికి సగం క్లిక్కులు కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికినవారివి. మిగిలినవాటిలో సర్వీసు మెకానిక్కు కావలసినవారు, సెకండ్ హ్యాండ్ మెషీన్ వెతికేవారు, ఆ కంపెనీలో ఉద్యోగం కోసం చూసేవారు ఉన్నారు. కొనే ఉద్దేశం ఉన్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ మాటలు చవకగా దొరకడానికి కారణం కూడా అదే. కొనని మనిషి కోసం పోటీ పడేవారు ఉండరు. నాకు ఇది తెలిసి ఉండాల్సింది. ధర తక్కువ నుంచి ఎక్కువకు వరుస పెట్టి, పై నాలుగు వందలు మీకు అమ్మాను.

అసలు ముందుగా వేయవలసిన లెక్క ఇది. ఒక అమ్మకానికి మీకు 150 రూపాయల కమిషన్ వస్తుందనుకుందాం. వంద క్లిక్కుల్లో ముగ్గురు కొంటే 450 రూపాయలు, అంటే క్లిక్కుకు నాలుగున్నర. వస్తువు వెనక్కి వెళ్తే కమిషన్ కూడా వెనక్కి వెళ్తుంది. అయిదింట ఒకటి అలా పోతే మిగిలేది 3.60. దాని మీద జీఎస్టీ భారం తీసేస్తే దాదాపు 3.05. లాభమూ నష్టమూ లేకుండా మీరు భరించగల ధర అదీ. జీఎస్టీ నంబరు ఉండి, ఆ పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోగలిగేవారికి ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది. ఈ అంకె చేతిలో లేకుండా ఏ కీవర్డూ చవకైనదీ కాదు, ఖరీదైనదీ కాదు. వందమందిలో ఒక్కరూ కొనని మాటకు రూపాయి ఇచ్చినా దండగే. ఎనిమిది మంది కొనే మాటకు ఏడు రూపాయలు ఇచ్చినా, ఇదే లెక్క ప్రకారం, మీకు మిగులుతుంది.

ఆవిడ వెళ్లిన తర్వాత మేము గూగుల్ కీవర్డ్ ప్లానర్‌ను (ఏ మాటను ఎంతమంది వెతుకుతారో అంచనా చూపేది) పక్కన పెట్టాము. అది మంచి పరికరమే, ఉచితం కూడా. కానీ తక్కువ ఖర్చు పెట్టే ఖాతాలకు అది వంద నుంచి వెయ్యి అంటూ విశాలమైన అంచనాలే చూపిస్తుంది. పైగా అందరూ చూసేదీ అదే. అందుకని మా ఇద్దరు ఉద్యోగులు కూకట్‌పల్లిలో ఒక ప్యూరిఫయర్ల దుకాణంలో, యజమాని అనుమతితో, మూడు రోజులు కూర్చుని వచ్చినవారి మాటలు ఒక పుస్తకంలో రాసుకున్నారు. "వాటర్ ప్యూరిఫయర్ కావాలి" అని మొదలుపెట్టినవారు తక్కువ. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నారు. గీజరులో సున్నం పేరుకుంటోందన్నారు. కుళాయిల మీద తెల్ల మరకలు పోవడం లేదన్నారు. కొత్త ఫ్లాటుకు మారాక జుట్టు ఊడుతోందని, షవరుకు పెట్టే ఫిల్టరు ఉందా అని అడిగారు. నిజాంపేట, మియాపూర్ వైపు బోరు మీద ఆధారపడిన అపార్టుమెంట్లలో ఉండేవారికి ఈ బాధలు కొత్త కాదు. ఆ పుస్తకం చదువుతుంటే, ఇన్నాళ్లూ కంప్యూటర్ ముందు కూర్చుని ఏం వెతికామా అనిపించింది.

అవే మాటలను కీవర్డ్లుగా పెట్టి చూశాము. వెతికేవారు కొద్దిమందే, కానీ పోటీ కూడా తక్కువ, వచ్చినవారికి అవసరం గట్టిది. గూగుల్ ప్రకటనలకు తెలుగు 2018 నుంచే అందుబాటులో ఉన్నా, మా ఖాతాల్లో ఎక్కువమంది తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లోనే టైప్ చేస్తున్నారు. నీళ్లు అన్న ఒక్క మాటనే నాలుగు రకాలుగా రాస్తున్నారు. అవన్నీ ఇప్పుడు మా దగ్గర ఉన్నాయి.

కీవర్డు ఎంత మంచిదైనా, దాన్ని నొక్కి వచ్చిన మనిషికి ఎదురయ్యే పేజీలో పనికొచ్చే విషయం లేకపోతే క్లిక్కు ధర పెరుగుతుంది. ప్రకటన చోటు కోసం గూగుల్ జరిపే వేలంలో మీ బిడ్‌తో (క్లిక్కుకు మీరు ఇస్తామన్న ధరతో) పాటు ప్రకటన నాణ్యతను కూడా చూస్తారు. జనం నొక్కే అవకాశం ఎంత, వెతికిన మాటకూ ప్రకటనకూ పొంతన ఉందా, పేజీ ఉపయోగపడుతుందా అన్నవి కలిపి ఖాతాలో ఒకటి నుంచి పది వరకు క్వాలిటీ స్కోరు కనిపిస్తుంది. నాణ్యత బాగుంటే తక్కువ బిడ్‌తోనే పై స్థానం దొరుకుతుంది. వనస్థలిపురం కస్టమర్ కోసం ఇప్పుడు బోరు నీళ్లకు విడిగా ఒక పేజీ రాశాము. ముందు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కొలిపించుకోండి, తాగునీటి ప్రమాణంలో లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యమే, మీ కుళాయిలో నగరానికి సరఫరా అయ్యే మంజీరా నీళ్లే వస్తూ ఆ లోపు ఉంటే ఆర్వో (కరిగిన లవణాలను తీసేసే ప్యూరిఫయర్) అవసరం లేకపోవచ్చు అని అందులో మొదటే చెప్పాము. దీనితో కొన్ని అమ్మకాలు పోతాయని ఆవిడ సందేహించారు. పోతాయి. అవసరం లేక కొని వెనక్కి పంపేవారు కూడా పోతారు. లింకు ద్వారా కమిషన్ వస్తుందన్న సంగతి కూడా ఆ పేజీలో స్పష్టంగా రాశాము, మీరందరూ రాయండి.

ఇంకో రెండు విషయాలు. ప్రకటన నుంచి నేరుగా దుకాణం సైటుకు పంపే పని మేము ఇక చేయము, పెద్ద కంపెనీల పేర్ల మీద బిడ్ వేయము. ప్రకటన నుంచి నేరుగా తమ సైటుకు పంపడాన్నీ, అమెజాన్ పేరు మీద బిడ్ వేయడాన్నీ అమెజాన్ అఫిలియేట్ ఒప్పందం నిషేధిస్తుంది. కమిషన్లు ఆగిపోయాక బాధపడి లాభం లేదు. ప్రకటనల ఖాతాలో రోజు బడ్జెట్ 300 రూపాయలు పెడితే ఏదో ఒక రోజు 600 ఖర్చయిందని కంగారుపడి ఫోను చేసేవారికి కూడా చెబుతున్నాను: అలా రెట్టింపు కావచ్చు, కానీ సాధారణంగా నెల మొత్తం ఖర్చు ఆ రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు (నెలకు సగటు రోజులు), అంటే 9,120 దాటదు.

ఇకపై జాబితా అంటే ఇరవై ముప్పై మాటలే. మీ కమిషన్, మీ రిటర్నులు చూసిన తర్వాతే తయారు చేస్తాము. మొదటి నెల ప్రతి సోమవారం సెర్చ్ టర్మ్స్ చదివి, పనికిరాని మాటలను నెగటివ్ కీవర్డ్లలో (ప్రకటన కనిపించకూడని మాటల్లో) చేరుస్తాము. ఎగ్జాక్ట్ మ్యాచ్ (ఆ మాటకే కనిపించాలన్న సెట్టింగు) పెట్టినా దగ్గరి అర్థం ఉన్న మాటలకు ప్రకటన వెళ్తూనే ఉంటుంది కాబట్టి ఈ పని తప్పదు. ఈ శ్రమకు ఫీజు 4,500 అవుతుంది. లెక్క కుదరని వస్తువైతే ఫీజు తీసుకోకుండానే వద్దని చెబుతాను.

పాత జాబితా డబ్బు ఈ నెలాఖరులోగా మీ ఖాతాల్లో పడుతుంది, ఎవరూ అడగనవసరం లేదు. ఆ జాబితాతో ఇంకా ప్రకటనలు నడుస్తుంటే మాత్రం ఈరోజే ఆపేయండి. ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం పది తర్వాత రండి. వచ్చేటప్పుడు మూడు నెలల కమిషన్ వివరాలు, వెనక్కి వెళ్లిన ఆర్డర్ల లెక్క తెచ్చుకుంటే అక్కడికక్కడే కూర్చుని చూద్దాం.