థీసిస్ రూల్స్‌తో పాటు టెంప్లేట్ ఫైల్ కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను తిరుపతిలో డీటీపీ సెంటర్ నడుపుతాను. పీహెచ్‌డీ స్కాలర్ల థీసిస్‌లు సెట్టింగ్ చేసి, ప్రింట్ తీసి, బైండింగ్ చేయించి ఇవ్వడం మా ముఖ్యమైన పని. ఏళ్ల తరబడి పరిశోధన చేసినవాళ్లు సబ్‌మిషన్ వారంలో హెడింగ్ నంబర్ల దగ్గర కన్నీళ్లు పెట్టుకోవడం చూడలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎడమ మార్జిన్ ఎంత, లైన్ల మధ్య ఖాళీ ఎంత, అట్ట ఏ రంగు, దాని మీద అక్షరాలు ఏ రంగు, అన్నిటికీ యూనివర్సిటీలు రూల్స్ ఇస్తాయి. ఆ రూల్స్ అన్నీ ముందే పెట్టి ఉంచిన ఖాళీ వర్డ్ ఫైల్, అంటే టెంప్లేట్, మాత్రం నా దగ్గరికి వచ్చే స్కాలర్లలో ఎవరి చేతిలోనూ కనిపించదు.

మొన్న ఎకనామిక్స్ చేస్తున్న ఒక అమ్మాయి వచ్చింది. నాలుగో అధ్యాయంలో సబ్‌హెడింగులు 4.1, 4.2 అని రావాలి. 3.7, 3.8 అని వస్తున్నాయి. రెండు రాత్రులు కూర్చుని నంబర్లన్నీ చేత్తో కొట్టిందట. తర్వాత గైడ్ గారు మధ్యలో ఒక సెక్షన్ కలపమన్నారు, కథ మళ్లీ మొదటికొచ్చింది. ఫైల్ తెరిచి చూస్తే సంగతి తెలిసింది. సబ్‌హెడింగులకు హెడింగ్ 2 స్టైల్ (ఇది ఏ స్థాయి హెడింగో వర్డ్‌కి చెప్పే గుర్తు) ఉంది. అధ్యాయం పేరుకు మాత్రం ఏ స్టైలూ లేదు, బోల్డ్ చేసి, సైజు పెంచి, మధ్యకు జరిపారంతే. మన కంటికి అది అధ్యాయం పేరే, వర్డ్‌కి మాత్రం లావు అక్షరాల్లో ఉన్న మామూలు పేరా. కొత్త అధ్యాయం మొదలైందని దానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి పాత లెక్కే కొనసాగించింది. అది చూసి కంప్యూటర్‌లో వైరస్ ఉందని భయపడినవాళ్లూ ఉన్నారు.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. అధ్యాయం పేర్లన్నిటికీ హెడింగ్ 1, వాటి కింది వాటికి హెడింగ్ 2, ఇంకా కింది వాటికి హెడింగ్ 3 పెట్టాలి. తర్వాత కర్సర్‌ని మొదటి అధ్యాయం పేరులో ఉంచి, హోమ్ ట్యాబ్‌లో మల్టీలెవెల్ లిస్ట్ బటన్ నొక్కి, అడుగున ఉండే డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్ తెరవాలి. అసలైన సెట్టింగ్ ఆ బాక్సులో మోర్ అనే బటన్ వెనక దాగి ఉంటుంది. అది నొక్కితే లింక్ లెవెల్ టు స్టైల్ అని వస్తుంది. ఒకటో లెవెల్‌కి హెడింగ్ 1, రెండో లెవెల్‌కి హెడింగ్ 2, ఇలా జత చేయాలి. ఆ బాక్సులో నంబర్ వెనక బూడిద రంగు నీడ ఉంటే అది వర్డ్ లెక్కపెట్టి ఇచ్చే నంబర్. నీడ లేకపోతే ఎవరో చేత్తో కొట్టిన అంకె, అది ఎప్పటికీ మారదు. 4.1లో చుక్కకి ముందున్న 4 కూడా కొట్టకూడదు, ఇంక్లూడ్ లెవెల్ నంబర్ ఫ్రమ్ అనే చోట లెవెల్ 1 ఎంచుకోవాలి.

ఇక రోమన్ అంకెల గొడవ. అధ్యాయానికి చాప్టర్ IV అని ఉండాలి, లోపల సబ్‌హెడింగులు 4.1 అని ఉండాలి అంటారు. మామూలుగా పెడితే IV.1 వస్తుంది. దీనితో విసిగిపోయి చాలామంది ఆటోమేటిక్ నంబరింగే తీసేస్తారు. రెండో లెవెల్‌కి వెళ్లి లీగల్ స్టైల్ నంబరింగ్ అనే గడిలో టిక్ పెడితే చాలు, పైన IV అలాగే ఉంటుంది, కింద 4.1 వస్తుంది. మూడో లెవెల్‌కీ ఆ టిక్ పెట్టాలి. ఈ ఒక్క టిక్ గురించి తెలియక ఎంతమంది నిద్ర చెడగొట్టుకున్నారో!

నంబర్ ఉండాల్సిన చోట నల్లటి డబ్బా వస్తుందని కూడా స్కాలర్లు పరుగెత్తుకుంటూ వస్తారు. ఫైల్ పోయిందేమోనని వాళ్ల టెన్షన్. ఫైల్‌కి ఏమీ కాలేదు. కర్సర్‌ని డబ్బాకి కుడిపక్కన ఉంచి, అది బూడిద రంగుకి మారేదాకా ఎడమ బాణం కీ నొక్కి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కలిపి కొట్టి, వచ్చిన బాక్సులో రీఅప్లై నొక్కితే నంబర్ తిరిగి కనిపిస్తుంది. హెడింగ్ నల్లగా ఉండి నంబర్ ఒక్కటే ఎర్రగా మిగిలిందంటే, గైడ్ గారి ఎర్ర రంగు కరెక్షన్ పేరా చివరి గుర్తుకి అంటుకుని ఉందని అర్థం. కంట్రోల్, షిఫ్ట్, 8 కొడితే ఆ గుర్తు కనబడుతుంది. దాని రంగు మారిస్తే నంబర్ రంగూ మారుతుంది.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకి ఇంకో చిక్కుంది. తెలుగు అక్షరాల సైజునీ, బోల్డ్‌నీ వర్డ్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే వేరే సెట్టింగ్ నుంచి తీసుకుంటుంది. హెడింగ్ నంబర్‌లోని అంకెలు లాటిన్ టెక్స్ట్, అంటే ఇంగ్లిష్ అక్షరాల సెట్టింగ్ నుంచి వస్తాయి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే 2.3 పెద్దగా, దాని పక్కన హెడింగ్ చిన్నగా పడుతుంది. స్టైల్‌లోనే ఫాంట్ బాక్స్ తెరిచి రెండు చోట్లా ఒకే సైజు పెట్టాలి. ఇది ఇంగ్లిష్ పుస్తకం చూసి నేర్చుకునేవాళ్లకి దొరకని విషయం కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇదంతా అందానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. థీసిస్ ఎలక్ట్రానిక్ కాపీ కూడా ఇవ్వాలని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2009లోనే నిబంధన పెట్టింది. ఆ కాపీలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం నడిపే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలోకి చేరతాయి. హెడింగ్ స్టైల్స్ సరిగా పెట్టిన ఫైల్‌ని, హెడింగులతో బుక్‌మార్క్స్ చేయమనే ఆప్షన్‌కి టిక్ పెట్టి పీడీఎఫ్ చేస్తే అధ్యాయాల జాబితా పక్కనే వస్తుంది, చదివేవాళ్లు కావలసిన చోటికి సూటిగా వెళ్లగలరు. బోల్డ్ చేసి చేత్తో నంబర్లు కొట్టిన ఫైల్ నుంచి ఆ జాబితా రాదు. వందల పేజీల థీసిస్‌లో కావలసిన భాగం కోసం పేజీలు తిప్పుతూ కూర్చోవాలి. పట్టికల సంగతీ అంతే. టేబుల్ 4.2 అని అధ్యాయం నంబర్‌తో క్యాప్షన్ రావాలంటే హెడింగ్ 1కి ఆటోమేటిక్ నంబర్ ఉండి తీరాలి. హెడింగ్ 1 స్టైలే పెట్టకపోతే నంబర్ బదులు ఎర్రర్ అనే మాటతో ఒక పెద్ద వాక్యం ప్రత్యక్షమవుతుంది.

టెంప్లేట్ ఇస్తే మా పొట్ట కొట్టినట్టే కదా అని తోటి ఆపరేటర్లు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. బొమ్మలు, పట్టికలు, ప్రూఫ్, ప్రింటింగ్, బైండింగ్, మాకు పనికి లోటు లేదు. స్కాలర్‌షిప్ డబ్బులు సమయానికి రాని పిల్లల దగ్గర, ఒక టిక్‌తో పోయే తప్పుకి రాత్రంతా కూర్చున్నామని చెప్పి డబ్బు తీసుకోవడం నాకు నచ్చదు.

యూనివర్సిటీల పరీక్షల విభాగాలకు నా విన్నపం ఇది. వెబ్‌సైట్‌లో థీసిస్ రూల్స్ పెట్టిన చోటే ఒక వర్డ్ టెంప్లేట్, వర్డ్‌లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్‌కి ఒక టెంప్లేట్ కూడా పెట్టండి. వాటిలో హెడింగ్ స్టైల్స్‌కి నంబర్లు ముందే జత చేసి ఉండాలి, విషయ సూచిక, పట్టికల జాబితా ఆటోమేటిక్‌గా వచ్చేలా ఉండాలి, అనుబంధాలకు ఏ, బీ, సీ అని విడిగా స్టైల్ ఉండాలి. తెలుగు శాఖకు యూనికోడ్ ఫాంట్‌తో వేరే టెంప్లేట్ కావాలి. ప్రీ పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో ఒక పూట స్కాలర్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి దాన్ని వాడటం నేర్పించండి. గైడ్లు కూడా అధ్యాయాలను విడివిడి ఫైళ్లలో కాకుండా ఆ టెంప్లేట్‌లోనే రాయమంటే, చివర్లో అన్నీ కలిపేటప్పుడు ఒక్కో ఫైల్ తన నంబర్ల లిస్టును వెంటబెట్టుకొచ్చే గొడవ ఉండదు.

అలాంటి ఖాళీ ఫైల్ తయారు చేయడం నాకు ఒక పూట పని. ఏ యూనివర్సిటీ అయినా తన రూల్స్ కాగితం పంపితే డబ్బు తీసుకోకుండా చేసి ఇస్తాను.

– ఒక డీటీపీ ఆపరేటర్, తిరుపతి