ఒక నట్టు నేర్పిన బుద్ధి

ఒరేయ్ మామా,

టైర్లు మార్పించాలి, షాపుకెళ్లే తీరిక లేదు, ఇంటికొచ్చి వేసేవాళ్లని నమ్మొచ్చా అని అడిగావు. జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. ఈలోగా నేనే ఆ పని చేయించుకున్నాను, అదీ ఫ్యాక్టరీ పార్కింగ్‌లో. కాబట్టి ఇప్పుడు విన్నది కాదు, కళ్లారా చూసింది రాస్తున్నాను.

ఫ్యాక్టరీలున్న ఊరి రోడ్ల సంగతి నీకు చెప్పాలా! కంకర కన్నా ఇనుమే ఎక్కువ. లేతు తురుము, వెల్డింగ్ రాడ్ల ముక్కలు, లారీల్లోంచి జారిన బోల్టులు. గుంతలు సరేసరి. షాపులేమో మనం డ్యూటీలో ఉన్నంతసేపూ తెరిచుంటాయి, మనం గేటు దాటేసరికి షట్టర్ దించేస్తారు. సెలవు రోజున వెళ్తే ఊరి బళ్లన్నీ అక్కడే.

కానీ నన్ను ఇలా మన దగ్గరికే వచ్చి టైర్లు వేసే వ్యాను పిలిపించేలా చేసింది తీరిక లేకపోవడం కాదురా, ఒక నట్టు. ఆమధ్య రెండో షిఫ్టు దిగి వస్తుంటే పంక్చర్. వాన, చీకటి. స్పానర్ పెట్టి లాగితే నట్టు కదిలితే ఒట్టు. స్పానర్ మీదెక్కి నిలబడ్డాను. నా ఒళ్లు నీకు తెలుసుగా, దానికీ లొంగలేదు. అంతకు నెల ముందే ఒక షాపులో ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించాను. అక్కడి కుర్రాడు గాలి గన్ను పెట్టి డుర్రుమని బిగించి పంపేశాడు. నేనేమో లోపల కుర్చీలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. తప్పు వాడిదెంతో నాదీ అంతే. చివరికి ఒక లారీ డ్రైవరు తన పొడుగాటి పైపు తెచ్చి స్పానర్‌కి తొడిగితే ఊడొచ్చింది.

అందుకే ఈసారి పని జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడాలనుకున్నాను. ఫోన్ చేస్తే ముందు సైజు అడిగారు. టైరు పక్కన ఉంటుంది చూడు, నాది 205/55 ఆర్16 91వి. 205 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం. 16 అంటే రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదని, వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వరకూ తట్టుకుంటుందని. మన బండి జన్మలో ఆ వేగం చూడదనుకో, అయినా బండి కంపెనీ చెప్పినదానికి తగ్గింది వేయకూడదు.

గేటు దగ్గర ఒక ప్రహసనం. వ్యానుకి పాసు కావాలన్నారు, జనరేటరు ఉందా అన్నారు, సేఫ్టీ ఆఫీసరు వచ్చి చూశాడు. నువ్వు ఆఫీసుకి పిలిపిస్తే ముందురోజే అనుమతి తీసుకో. నేల చదునుగా, గట్టిగా ఉన్న చోటు కూడా చూసిపెట్టు. ఏటవాలుగా ఉంటే జాకీ పెట్టనే పెట్టమన్నారు, అది విని నాకు నమ్మకం కుదిరింది.

వ్యాను లోపల చిన్న షాపే ఉంది. టైరు ఊడదీసే మిషను, చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా చూసే బ్యాలెన్సింగ్ మిషను, కంప్రెసరు. రెండు టైర్లు బోడివైపోయాయి, గాడుల్లో 1.6 మిల్లీమీటర్ల ఎత్తున ఉండే, అరుగుదల చెప్పే గుర్తు గట్లు పైకి తేలాయి. మూడోదాంట్లో స్క్రూ దిగింది. దానికి అతుకు చాలనుకున్నాను. వ్యానులో వచ్చిన మెకానిక్ విప్పి లోపల చేయి పెట్టి చూపించాడు, నల్లటి పొడి. గాలి తగ్గిన టైరుతో అలాగే నడిపితే పక్కగోడలు లోపల్లోపల రాసుకుని పొడిగా రాలతాయట. పైకి మాత్రం నిగనిగలాడుతోంది! పైగా స్క్రూ దిగింది అంచున. నడుమ పడిన 6 మిల్లీమీటర్ల లోపు చిల్లుకే అతుకు, అంచుకీ పక్కగోడకీ లేదు. విప్పకుండా బయటినుంచే చిల్లులో రబ్బరు దారం దూర్చి పంపేసుంటే ఆ పొడి నా కంట పడేదా?

కొత్తవి దించగానే టైరు పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు చూశాను. 2324 అనుంటే 2024లో 23వ వారం తయారైందని. పాత సరుకు కాదని తేలాకే వేయించాను. రిమ్ములో టైరు కూర్చునేటప్పుడు ఠప్పుమంది చూడు, ఎగిరి గంతేశాను, మా షిఫ్టువాళ్లు ఇప్పటికీ నవ్వుతున్నారు. వాల్వులూ కొత్తవి వేశాడు.

ఒక్కచోట వాదన పెట్టుకున్నాను. నా బండిని లాగేది ముందు చక్రాలు కదా, కొత్తవి ముందుకే అన్నాను. కాదు, బాగా గాడులున్నవి వెనక్కే అన్నాడు. తడిరోడ్డు మీద ముందు చక్రాలు జారితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి సర్దుకోవచ్చు, వెనక జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, పట్టుకోవడం మన వల్ల కాదు. సరే, ఓడిపోయాను.

చివర్లో నేను ఎదురుచూసిన ఘట్టం. నట్లు చేత్తో తిప్పి ఎక్కించి, బండి దించి, టార్క్ రెంచి తీశాడు, అంటే ఎంత గట్టిగా బిగించాలో కొలత పెట్టుకునే స్పానర్. నా బండి పుస్తకంలో 110 న్యూటన్ మీటర్లుంది, అంతకే పెట్టాడు. ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా ఒక్కోటీ 'టక్' మనేదాకా. ఆ టక్కు వినడానికే ఇంత కథ నడిపానా అనిపించింది. వంద కిలోమీటర్లలోపు మళ్లీ ఒకసారి చూసుకోమన్నాడు, చూసుకున్నాను, ఒక్కటీ వదులవలేదు.

అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా నడిచేలా సరిచేయడం, మాత్రం వాళ్లు చేయలేదు, దానికి షాపుకే వెళ్లాలి. అక్కడ ఈసారి కుర్చీలో కూర్చోనులే.

నువ్వు పిలిపించే ముందు టార్క్ రెంచి తెస్తారా, బ్యాలెన్సింగ్ అక్కడే చేస్తారా అని అడుగు. నీళ్లు నమిలితే ఇంకొకరిని చూసుకో. అన్నట్టు నీ డిక్కీలో స్టెప్నీ ఉండాలి, దాని నాలుగంకెలు నాకు రాసి పంపు. దానికి గాలి ఎప్పుడు కొట్టించావో కూడా. గుర్తులేదంటావని తెలుసు.

నీ
మామ