పైడెక్కు గది గురించి

మయామి

బాబాయికి, పిన్నికి నమస్కారాలు.

విహార ఓడ ప్రయాణానికి కావలి ఏజెంటు చూపించిన ఆ పెద్ద రేటు గది తీసుకోవాలా వద్దా అని అడిగారు గదా. అది ఉత్త గది కాదు, ఓడలోనే ఇంకో చిన్న ఓడ. ఎమ్మెస్సీ అనే ఓడల కంపెనీ వాళ్లు 2008లో ఫాంటాసియా ఓడతో మొదలుపెట్టి దాన్ని యాట్ క్లబ్ అంటున్నారు. నార్వేజియన్ అనే ఇంకో కంపెనీ వాళ్లది హేవెన్. గది కార్డు తాకిస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. లోపల వేరే భోజనశాల, వేరే ఈతకొలను, పిలిస్తే పలికే బట్లరు. క్వీన్ మేరీ 2 అనే ఓడలో అయితే కొన్న గదినిబట్టే తినే చోటు: క్వీన్స్ గ్రిల్, ప్రిన్సెస్ గ్రిల్, మిగతా జనానికి బ్రిటానియా. మన పెళ్లిళ్లలో నయం, అందరిదీ ఒకే బంతి.

పినాకిని రైల్లో ఏసీలో కూర్చున్నా సెకండ్ సిట్టింగ్‌లో కూర్చున్నా కావలికి ఒకేసారి చేరతాం. ఓడలో అట్లా కాదు, ఎక్కడం దిగడం దగ్గరే తేడా అంతా. ఎక్కే రోజు చెకిన్ లైను పైక్లాసు వాళ్లకి వేరే. రేవులో లోతు చాలకపోతే ఓడని దూరంగా నిలిపి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. ఆ పడవకి టోకెన్ పట్టుకుని చాలాసేపు కాచుకోవాలి. పైక్లాసు వాళ్లని ముందు దించుతారు. పిన్ని మోకాళ్లకి అదొక్కటే నిజమైన లాభం. సెక్యూరిటీ స్కానింగు, తిరిగొచ్చాక ఇమ్మిగ్రేషను మాత్రం ఎవరూ తప్పించుకోలేరు. ఓడ కదిలేలోపు చేసే లైఫ్‌బోటు డ్రిల్లు కూడా అందరికీ ఉంటుంది.

ఇక ఏజెంటు చెప్పనివి. యాట్ క్లబ్బు చాలా ఓడల్లో ముందుకొసన, పై అంతస్తుల్లో ఉంటుంది. అలలు లేస్తే అక్కడే ఊపు ఎక్కువ, ఆర్టీసీ బస్సు వెనక సీటు లాగా. బాబాయికి ఘాట్ రోడ్డులోనే కడుపు తిప్పుతుంది కాబట్టి మీకు ఓడ నడుమ, కింది అంతస్తు గది మేలు. యాట్ క్లబ్బు రేటులో మద్యం కూడా కలిపే ఉంటుంది. ముట్టని మీరు అది ఎందుకు కట్టాలి? హేవెన్‌లో అయితే మామూలుగా మద్యం ప్యాకేజీ వేరు, కానీ రోజువారీ సర్వీసు చార్జీ మామూలు గదులకన్నా ఎక్కువ. రెండింట్లోనూ స్పెషాలిటీ రెస్టారెంట్లకి మళ్లీ డబ్బు కట్టాలి. పిన్ని శనివారం నియమం సంగతి ఏ క్లాసయినా బుకింగు నాడే రాయించాలి. ఓడెక్కాక చెబితే సలాడు పెట్టి ఊరుకుంటారు.

అంతగా ఆ తలుపు లోపలే ఉండాలనిపిస్తే, కొన్ని ఎమ్మెస్సీ ఓడల్లో యాట్ క్లబ్బుకే కిటికీ లేని గదులున్నాయి. సౌకర్యాలన్నీ అవే, రేటు తక్కువ. ఏజెంటుని ఆ మాట అడగండి, వాళ్లుగా చెప్పరు.

అన్నిటికన్నా ముందు వీసా. ఓడ వేరే దేశం వెళ్లి తిరిగొస్తే మీరు మళ్లీ అమెరికాలో దిగినట్టే లెక్క. వీసా మీద ఎంట్రీస్ దగ్గర, ఒకసారికి మించి రావచ్చని చెప్పే ఎం అక్షరం ఉందేమో చూసి ఫోటో పంపండి. అది చూశాకే అడ్వాన్సు కడదాం.

మీ అబ్బాయి