ట్యుటోరియల్ పీరియడ్ మాకు తిరిగి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా టైమ్‌టేబుల్‌లో ట్యుటోరియల్ పీరియడ్లు ఉన్నాయి, కాగితం మీద మాత్రమే. మొదటి సెమిస్టర్‌లో కొన్నాళ్లు జరిగాయి. తర్వాత ఆ సమయమంతా మిగిలిపోయిన సిలబస్‌కే పోతోంది.

క్లాసులో బోర్డు మీద రాసింది మేం రాసుకుంటాం. ట్యుటోరియల్‌లో చాక్‌పీసు మా చేతికొస్తుంది. శాంపిల్ వేరియన్స్ (శాంపిల్‌లోని అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టేటప్పుడు, తేడాల వర్గాల మొత్తాన్ని ఎన్‌తో, అంటే శాంపిల్‌లో ఎన్ని అంకెలుంటే ఆ సంఖ్యతో, కాకుండా ఎన్ మైనస్ ఒకటితో ఎందుకు భాగిస్తామని అలాంటి ఒక పీరియడ్‌లో నా క్లాస్‌మేట్ అడిగింది. డిగ్రీ అంతా ఆ సూత్రం వాడినవాళ్లమే, ఎవరికీ తెలియదు. మేడమ్ జవాబు చెప్పలేదు. 4, 7, 10 అని బోర్డు మీద రాసి, సగటు నుంచి తేడాలు తీయమన్నారు. మైనస్ మూడు, సున్నా, మూడు. ఏ అంకెలు తీసుకున్నా ఆ తేడాల మొత్తం సున్నాయే. రెండు తెలిస్తే మూడోది దానంతట అదే తేలిపోతుంది. సగటు కూడా ఆ శాంపిల్‌లోంచే తీశాం కాబట్టి వేరియన్స్ అసలుకన్నా తక్కువగా వస్తుందని, చిన్న సంఖ్యతో భాగించి దాన్ని సరిచేస్తున్నామని మేమే వాదించుకుని తేల్చాం. పీరియడ్ మొత్తం దానికే పట్టింది. ఆ పాఠం నేను ఇక మర్చిపోను.

గచ్చిబౌలిలో ప్రముఖ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి పేరుతో రోడ్డుంది, సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో సంస్థ ఉంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది, 1945లో అచ్చయిన వ్యాసానికి. ఆ వ్యాసంలోని ముఖ్యమైన ఫలితం ఒక విద్యార్థి ప్రశ్నతోనే మొదలైంది. 1944లో ఆయన కలకత్తాలో పాఠం చెబుతుంటే, బ్రిటిష్ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ పెద్ద శాంపిళ్లకు ఇచ్చిన ఫలితాన్ని చిన్న శాంపిళ్లకు ఎందుకు నిరూపించకూడదని దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. రావుగారు ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని, మర్నాడు నిరూపణతో వచ్చారు. మేం ఇప్పుడు క్రామర్-రావు ఇనీక్వాలిటీ అని చదువుకుంటున్నది అదే, పక్షపాతం లేని అంచనా వేరియన్స్ ఏ హద్దుకన్నా తగ్గదో అది చెబుతుంది. దండేకర్‌కు ఆ రోజు క్లాసులో అడిగే వీలు దొరికింది. మాకు దొరకడం లేదు.

ఇందులో మేడమ్ తప్పేమీ లేదు. ఆమె గెస్ట్ ఫ్యాకల్టీ. పీరియడ్ లెక్కన డబ్బులిస్తారు, మా దగ్గర ట్యుటోరియల్ ఆ లెక్కలోకి రాదు. మా క్లాసు అవగానే ఇంకో కాలేజీకి పరుగెత్తాలి. శాశ్వత పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఉన్న ప్రొఫెసర్లకు పరీక్షల పనులు, ఫైళ్లు. ఇక మాలో చాలామంది సాయంత్రం అమీర్‌పేట వెళ్లి డేటా సైన్స్ కోర్సులకు వేలకు వేలు కడుతున్నారు. అక్కడ పైథాన్ నేర్పుతారు, పీ-వాల్యూ (అసలు తేడా ఏమీ లేకపోయినా కనీసం ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశమెంతో చెప్పే అంకె) స్క్రీన్ మీద వస్తుంది. అదెలా వచ్చిందో అడగాల్సిన చోటు మా డిపార్ట్‌మెంటే కదా!

నియామకాలకు ఎంత టైమ్ పడుతుందో మాకు తెలుసు. ఈలోగా రెండు పనులు చేయొచ్చు. ట్యుటోరియల్‌ను కూడా పీరియడ్‌గా లెక్కగట్టి గెస్ట్ ఫ్యాకల్టీకి డబ్బులివ్వండి. అది కుదరకపోతే, సరైన గౌరవ వేతనంతో రీసెర్చ్ స్కాలర్లకు అప్పగించండి, చెప్పడానికి ఇష్టపడేవాళ్లు మా దగ్గర ఉన్నారు. మా బ్యాచ్ ఎలాగూ మేలో వెళ్లిపోతుంది. జూనియర్లకు వచ్చే సెమిస్టర్‌లో ఇన్ఫరెన్స్ (శాంపిల్‌ను బట్టి మొత్తం గురించి అంచనాకు రావడం) పేపరు ఉంది. కనీసం ఆ ఒక్క పేపరుకైనా మొదలుపెట్టమని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని, హైదరాబాద్