ఆబోతు నంబరు మార్చి స్ట్రాలు పంపడంపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,
సీమెన్ స్ట్రాల అమ్మకాల విభాగం.

విషయం: కేటలాగ్‌లో ఎంచుకున్న ఒంగోలు ఆబోతు బదులు వేరే ఆబోతు స్ట్రాలు (గడ్డకట్టించిన వీర్యం నింపిన గొట్టాలు) ఇవ్వడం, అడిగితే అదే ఆబోతని చెప్పి ఆవుకి చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించడం గురించి.

అయ్యా,

నేను ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో ఒంగోలు ఆవుల్ని మేపుకునే రైతుని. కిందటేడాది మీ కేటలాగ్ చూసి, చివర 417 అని నంబరు ఉన్న ఒంగోలు ఆబోతు స్ట్రాలు మూడు కొన్నాను. ఒక్కోటి 900 రూపాయలు. బిల్లు మీద 417 అనే ఉంది. వాటిని భద్రపరిచే నైట్రోజన్ క్యాన్‌లో వచ్చినవి మాత్రం 471 ఆబోతు స్ట్రాలు. ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా మీ వాళ్ళు దీన్ని చిన్న ముద్రణ పొరపాటుగా కొట్టిపారేస్తున్నారు. అందుకే రాతపూర్వకంగా పంపుతున్నాను.

ముందు నేను 417నే ఎందుకు కోరుకున్నానో మీకు తెలియాలి. మా ఆవు గౌరి పశు ప్రదర్శనల్లో నిలబడే ఆవు. మంచి పొడవు, కాటుక పెట్టినట్టున్న కళ్ళు, పొట్టి కొమ్ములు, మెడ కింద నుంచి మడతలు మడతలుగా దిగే గంగడోలు, నల్లటి తోక కుచ్చు. సంక్రాంతికి మా దగ్గర పెట్టే పోటీల్లో దానికి ప్రైజు వచ్చింది కూడా. అయితే దానికి ఒక్క లోపం ఉంది. వెనక తుంటి కాస్త జారుగా ఉంటుంది. జడ్జీలు దాని చుట్టూ తిరిగి వెనక్కి రాగానే చెయ్యి వేసి చూసేది అక్కడే. కాబట్టి దూడలో ఆ లోపం సర్దుకోవాలంటే తుంటి సమంగా ఉండి, వెనక కాళ్ళు నిటారుగా ఉన్న ఆబోతు కావాలి. ఆవులో ఉన్న మంచి పోకూడదు, ఆవులో లేనిది ఆబోతు నుంచి రావాలి. ప్రదర్శన పశువుకి ఆబోతుని చూడటమంటే ఇదే.

ఫోటో చూసి నేను డబ్బు కట్టలేదు. మూపురం బాగుందనో, మెడ మీద బూడిదరంగు నిగనిగలాడుతోందనో ఆబోతుని ఎంచుకునే వాళ్ళు మోసపోతారు. ఆబోతుని బాగా మేపి, కడిగి, ఎత్తు మీద నిలబెట్టి తీస్తే ఏ ఫోటో అయినా బాగానే ఉంటుంది. దాని కూతుళ్ళని చూడాలి. 417కి పుట్టిన పెయ్యలు చీమకుర్తి వైపు ఉన్నాయని తెలిసి వెళ్ళి చూశాను. తల్లులు వేరు వేరు రకాలైనా పెయ్యలన్నిటికీ వెనక భాగం ఒకేలా, సమంగా కుదిరింది. తోక కుచ్చు నలుపు, ముట్టె నలుపు, గిట్టలు నలుపు. తల్లి పాల దిగుబడి మీ కేటలాగ్‌లోనే ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, 417కీ మా గౌరికీ రక్త సంబంధం లేదు. గౌరి పుట్టడానికి దాని తల్లికి వేసిన సూది కార్డు నా దగ్గర భద్రంగా ఉంది. గౌరి తండ్రి నంబరు అందులో ఉంది. దాన్ని మీ కేటలాగ్‌లోని తండ్రి, తాతల నంబర్లతో సరిచూసుకున్నాకే స్ట్రాలకి ఆర్డరు పెట్టాను.

ఇక సూది వేసిన రోజు సంగతి. ఒంగోలు ఆవుల్లో చాలావాటికి మూగ ఎద. పెద్దగా అరవవు, గొడవ చెయ్యవు, ఎద ఎక్కువసేపు నిలవదు. ఆ రోజు తెల్లవారుజామున గౌరి మేత వదిలేసి తీగలు (ఎదలో కారే జిగురు) వేస్తుంటే పట్టుకున్నాం. పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది వెయ్యాలి కాబట్టి సాయంత్రానికి ఊళ్ళో పశువులకి సూది వేసే గోపాలమిత్రని పిలిపించాను. ఆయన క్యాన్ మూత తీసి, పట్టకారుతో ఒక స్ట్రా లాగి, 37 డిగ్రీల నీళ్ళలో అర నిమిషం ఉంచాడు. మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లోంచి తీసిన స్ట్రా మీద మంచు పేరుకుని అక్షరాలు కనబడవు. నీళ్ళలోంచి తీసి గుడ్డతో తుడిచాకే నంబరు చదవగలం. తుడిచి చూస్తే 471. నేను 417 కదా అన్నాను. ఆయన కూడా రెండోసారి చదివి అదే చెప్పాడు.

అక్కడ మా పరిస్థితి మీరు అర్థం చేసుకోవాలి. ఒకసారి కరిగిన స్ట్రాని మళ్ళీ క్యాన్‌లో పెట్టడానికి లేదు. నిమిషాల్లో వాడాలి, లేదా పారెయ్యాలి. ఇంకోటి తీద్దామంటే మిగతా రెండూ అదే గుత్తిలోవి. ఎద పోతే మళ్ళీ 21 రోజులు ఆగాలి. వెంటనే మీ ప్రతినిధికి స్పీకర్ పెట్టి ఫోన్ చేశాం. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "అది పాత నంబరండీ, కొత్తగా రిజిస్టర్ చేసినప్పుడు 417 అయింది, రెండూ ఒకటే ఆబోతు, టెన్షన్ పడకుండా వేసెయ్యండి" అన్నాడు. గోపాలమిత్ర పక్కనే ఉండి విన్నాడు. ఆ మాట మీదే సూది పడింది. స్ట్రా గొట్టాన్ని పారెయ్యకుండా దాచాను. నంబరు ఇప్పటికీ స్పష్టంగా కనబడుతోంది.

గౌరి చూడి కట్టింది. తొమ్మిదిన్నర నెలలు మోసి కోడెదూడని ఈనింది. దూడ లేచి నిలబడగానే మా ఇంట్లో అందరం చూసింది తోక. కుచ్చు తెల్లగా ఉంది. ముట్టె నల్లగా లేదు, మాంసం రంగు. ఒంగోలు జాతిలో తెల్ల కుచ్చు, మాంసం రంగు ముట్టె, తెల్ల కనురెప్పలు, లేతరంగు గిట్టలు లోపాల కిందే లెక్క. ఇందులో రెండు లోపాలతో పుట్టిన దూడని ఏ ప్రదర్శనకీ తీసుకెళ్ళలేం, ఆబోతుగా ఎవరూ అడగరు. తుంటి తల్లికన్నా ఎక్కువ జారుగా ఉంది. గౌరి అంతకుముందు ఈతలో వేరే ఆబోతుకి వేసిన పెయ్యకి ఇలాంటివి ఒక్కటీ లేవు.

అప్పుడు మీ పాత కేటలాగ్ సంపాదించి చూశాను. అందులో 417, 471 రెండూ పక్కపక్క పేజీల్లో ఉన్నాయి. రెండు ఫోటోలు, రెండు పుట్టిన తేదీలు, ఇద్దరు తల్లులు. పాత నంబరు, కొత్త నంబరు అన్న మాటే అబద్ధం. ఇంకా ఘోరం ఏమిటంటే 471 తండ్రి నంబరు, మా గౌరి తండ్రి నంబరు ఒకటే. అంటే ఒకే తండ్రి బిడ్డల్ని మీరు జత కట్టించారు. అలా పుట్టిన దూడలో రక్తం దగ్గరితనం 12.5 శాతం. పైకి కనబడకుండా వంశంలో దాగి ఉండే లోపాలు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కలిసి బయటపడేది ఇలాంటి చూళ్ళలోనే. ఊళ్ళో వదిలేసిన ఆబోతుకి దాటించినా దాని తండ్రెవరో కనుక్కుని ఉండేవాణ్ణి. డబ్బు కట్టి, కాగితాలు చూసి, జాగ్రత్త పడిన చోట నాకు ఇది జరిగింది.

మీ ఆఫీసులో మాట్లాడిన ఆయన, "దూడ ఆరోగ్యంగానే ఉంది కదా, పోటీలో ప్రైజు వస్తుందని మేం గ్యారంటీ ఇవ్వలేదు కదా" అన్నారు. అయ్యా, అందమైన దూడ పుట్టాలని నేను మిమ్మల్ని గ్యారంటీ అడగలేదు. ఎంత మంచి ఆబోతుకైనా ఒక్కో దూడ తేడాగా పుడుతుంది. అది ఏ రైతైనా ఒప్పుకుంటాడు. నేను అడిగేది నేను కొన్న ఆబోతుని నాకు ఇవ్వమని. స్ట్రా మీద ఆబోతు నంబరు, జాతి, తయారైన కేంద్రం, బ్యాచ్ వివరాలు ముద్రించాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస ప్రమాణాల్లోనే ఉంది. పావు మిల్లీలీటరు పట్టే ఆ సన్నటి గొట్టం మీద రైతు నమ్ముకునేది ఆ నంబరొక్కటే. లోపల ఉన్నది ఎవరి వీర్యమో మా కంటికి కనబడదు.

మాది ఒంగోలు పశువు సొంత గడ్డ. మాకు దగ్గర్లోనే ఉన్న కరవది నుంచి 1960ల్లో బ్రెజిల్ వెళ్ళిన ఆబోతుని అక్కడ ఈ రోజుకీ ఊరి పేరుతోనే చెప్పుకుంటున్నారు. 2023లో అక్కడ వేలంలో ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఆవుగా రికార్డుకెక్కిన వియాటినా-19 మన ఒంగోలు సంతతి నుంచి అక్కడ వచ్చిన నెలోర్ జాతిదే. అక్కడి వాళ్ళు 1938 నుంచి వంశావళి రిజిస్టరు నడుపుతున్నారు. ఏ దూడకి ఏ తండ్రో, ఏ తాతో రాసి పెట్టుకున్నారు కాబట్టే ఆ ధర. ఇక్కడ చదలవాడ, చింతలదేవి పశుక్షేత్రాల్లో ఈ జాతిని కాపాడటానికి ప్రభుత్వం ఖర్చు పెడుతోంది. మాలాంటి వాళ్ళం ట్రాక్టర్లు వచ్చాక కూడా ఇంట్లో ఖర్చు తగ్గించుకుని ఈ ఆవుల్ని నిలబెట్టుకుంటున్నాం. మీరు ఒక తప్పు నంబరు పంపి, దాన్ని ఇంకో అబద్ధంతో కప్పితే, రేపు ఈ దూడ వంశంలో రాసేదంతా అబద్ధమే అవుతుంది. నా బాధ ముఖ్యంగా దాని గురించే. నష్టం సంగతి కూడా ఉంది. ఒక ఈత పోయిందంటే దాదాపు ఏడాదిన్నర పోయినట్టు. ఒక ఆవు బతుకులో ఎన్ని ఈతలుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను కోరేవి ఇవి. 471 స్ట్రాలు 417 బిల్లు మీద ఎలా వచ్చాయో రాతపూర్వకంగా చెప్పండి. దూడ వెంట్రుకలు కుదుళ్ళతో సహా ఇస్తాను, మీ ఖర్చుతో డీఎన్ఏ పరీక్ష చేయించి తండ్రి ఎవరో తేల్చండి. రెండు ఆబోతుల నమూనాలూ మీ దగ్గరే ఉంటాయి కాబట్టి ఇది కష్టమైన పని కాదు. స్ట్రాల డబ్బు, సూది ఖర్చు, పోయిన ఈతకి తగిన పరిహారం ఇవ్వండి. దీనికన్నా అత్యవసరమైన పని ఇంకోటి ఉంది. అదే బ్యాచ్ స్ట్రాలు ఈ జిల్లాలో ఇంకెవరికి అమ్మారో మీ రిజిస్టరులో ఉంటుంది. వాళ్ళకి వెంటనే ఫోన్ చేసి వాడొద్దని చెప్పండి. ఇప్పటికే వాడిన వాళ్ళకి నిజం చెప్పండి, వాళ్ళ పెయ్యల్ని రేపు దేనికి కట్టాలో వాళ్ళు చూసుకుంటారు. మిగిలిన రెండు స్ట్రాలు నా దగ్గర క్యాన్‌లోనే ఉన్నాయి. మీ మనిషి వచ్చి గోపాలమిత్ర ఎదుట నంబరు చదివి, సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. పోస్టులో మాత్రం పంపను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఒంగోలులోని జిల్లా కమిషన్‌కి వెళ్తాను. పశుసంవర్ధక శాఖకి కూడా ఒక కాపీ ఇస్తున్నాను. బిల్లు, 471 నంబరున్న స్ట్రా గొట్టం ఫోటో, గౌరి తల్లి సూది కార్డు, రెండు కేటలాగ్ పేజీలు, దూడ తోక, ముట్టె కనబడే ఫోటోలు దీనితో జతచేశాను. అసలు కాగితాలు నా దగ్గరే ఉంటాయి, వచ్చి చూసుకోవచ్చు.

ఇట్లు,
గౌరి యజమాని,
నాగులుప్పలపాడు మండలం, ప్రకాశం జిల్లా.