14 ఏళ్లకే ఇంప్లాంటా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో పంటి ఇంప్లాంట్ల మీద, అంటే దవడ ఎముకలో మరలా బిగించి పైన కట్టుడు పన్ను పెట్టే పద్ధతి మీద వచ్చిన వ్యాసం చదివాను. పుచ్చిపోయి తీయించుకున్న పన్ను, దెబ్బ తగిలి విరిగిన పన్ను, వయసు మీద పడి ఊడిన పన్ను, అన్నిటి గురించీ రాశారు గానీ పుట్టుకతోనే లేని పన్ను గురించి ఒక్క ముక్క లేదు. రాసినవారిని తప్పు పట్టడం లేదు, మా అమ్మాయి విషయంలో చూసేదాకా అలాంటిది ఒకటుంటుందని నాకూ తెలియదు.

పై వరసలో నడిమి రెండు పెద్ద పళ్లకీ కోరపన్నుకీ మధ్య ఒక చిన్న పన్ను ఉంటుంది కదా, మా అమ్మాయికి ఎడమవైపు అది రాలేదు. పాలపన్ను ఊడాక ఏడాది చూశాం, రెండేళ్లు చూశాం, కొందరికి ఆలస్యంగా వస్తాయిలే అని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటే నిజమే కాబోలనుకున్నాం. చివరికి దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీయిస్తే చిగురు లోపల ఏమీ లేదు. రావలసింది ఆగిపోవడం కాదు, అసలు ఏర్పడనే లేదు. కుడివైపు అదే పన్ను వచ్చింది గానీ మేకులా సన్నగా ఉంది, ఒకవైపు లేనివాళ్లకి రెండోవైపు ఇలా రావడం మామూలేనట. జ్ఞానదంతాలు పక్కన పెడితే పుట్టుకతో ఎక్కువగా లోపించే పళ్లలో ఇదొకటి, నూటికి ఇద్దరి దాకా ఉంటారు. ఎక్కువగా వంశంలో నడిచే సంగతే. కడుపుతో ఉన్నప్పుడు నేను సరిగా తినలేదని అన్నవాళ్లున్నారు, తీరా చూస్తే మా మామగారికి సరిగ్గా అక్కడే సందు ఉండేది, ఆయన పన్ను ఎప్పుడో ఊడిపోయిందని మేమంతా అనుకుంటూ వచ్చాం!

ఇక అసలు విషయానికొస్తాను. మా అమ్మాయికి 14 ఏళ్లప్పుడు మేం మొదట వెళ్లిన చోట, ఇంప్లాంట్ వేసేద్దాం, కొన్ని నెలల్లో పనైపోతుంది అన్నారు. ఆశ పుట్టింది, కాదనను. ఫొటో తీస్తుంటే నోరు తెరవని పిల్లని చూస్తూ ఉండే తల్లికి అంతకంటే ఏం కావాలి. ఎందుకో మనసొప్పక ఇంకో డాక్టర్‌కి చూపించాం, ఆయన చెప్పింది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎదిగే వయసులో దవడ ఎముక పెరుగుతుంటే సొంత పళ్లు దానితో పాటు కొద్దికొద్దిగా కిందికి దిగుతాయి, ఎందుకంటే పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి మెత్తని పొర ఉంటుంది. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు, టైటానియం నేరుగా ఎముకకి అతుక్కుపోతుంది, వేసిన చోటే ఉండిపోతుంది. పక్క పళ్లు దిగుతాయి, అది దిగదు, కొన్నేళ్లకి ఆ ఒక్క పన్నూ పొట్టిగా, చిగురు ఎగువకి పోయినట్టు కనిపిస్తుంది. పిల్ల పెరిగితే గౌను మార్చేయొచ్చు, ఎముకలో పాతుకుపోయినదాన్ని ఎలా మారుస్తాం?

అందుకే ఆడపిల్లలకి మామూలుగా 17, 18 దాటాక, మగపిల్లలకి 20, 21 దాకా ఆగమంటారు. పుట్టినరోజు చూసి కాదు, ఆరు నెలలో ఏడాదో తేడాతో ముఖానికి పక్కనుంచి ఎక్స్‌రేలు తీసి, రెండూ పోల్చి, ఎదుగుదల ఆగిందని తేలాకే వేయాలి. ఆ తర్వాత కూడా పళ్లు కొంచెం కదులుతూనే ఉంటాయి కాబట్టి ఇంకా ఆగుదాం అనే డాక్టర్లూ ఉన్నారు. 1965లో స్వీడన్‌లో, ఈ టైటానియం పద్ధతికి ఆద్యుడైన డాక్టర్ బ్రెనెమార్క్ మొట్టమొదట ఇలాంటి ఇంప్లాంట్లు పెట్టిన గోస్టా లార్సన్ అనే ఆయనకీ పుట్టుకతోనే కొన్ని పళ్లు లేవు, అవి ఆయన బతికినంతకాలం పనిచేశాయి. కానీ ఆయన అప్పటికి ఎదుగుదల ఎప్పుడో ముగిసిన మనిషి, మా అమ్మాయిలా బడికెళ్లే పిల్ల కాదు.

మేం తప్పు చేసింది క్లిప్పుల దగ్గర. ఖాళీ కోసం క్లిప్పులు వేయించాం, రెండేళ్లు గడిచాయి, సందు చక్కగా వచ్చింది, తీసేసే తేదీ కూడా ఇచ్చారు. ఇంప్లాంట్ వేసే డాక్టర్‌కి ఒకసారి చూపిద్దామని వెళ్తే ఆయన ఎక్స్‌రే చూసి తల అడ్డంగా ఊపారు. బయటికి పళ్ల మధ్య 7 మిల్లీమీటర్ల జాగా ఉంది గానీ లోపల వేర్లు ఒకదానివైపు ఒకటి వాలి ఉన్నాయి. సన్నటి ఇంప్లాంటే 3, 3.5 మిల్లీమీటర్లు ఉంటుంది, అటు ఇటు వేర్లకి ఒకటిన్నర చొప్పున వదలాలి, మరి అక్కడ జాగా ఏది? ఇంకో ఎనిమిది నెలలు క్లిప్పులు. పిల్ల ఏడ్చింది, నేను ఆ డాక్టర్ మీద అరిచాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఇద్దరు డాక్టర్లనీ మొదటి రోజే మాట్లాడుకోమని నేనూ అడగలేదు. క్లిప్పులు తీసే ముందు వేర్ల ఎక్స్‌రే చూపించమనండి, ఈ ఉత్తరంలో ఇంకేం గుర్తుండకపోయినా సరే.

క్లిప్పులు తీశాక 19 ఏళ్ల దాకా ఏం చేశామంటారా? పక్క పన్ను వెనకవైపు చిన్న రెక్కతో అతికించే బ్రిడ్జి, అంటే ఒక కట్టుడు పన్ను ఉంటుంది, పక్క పళ్లని అరగదీయకుండానే పెట్టారు. అది పెట్టిన రోజు మా అమ్మాయి అద్దం ముందు నుంచి కదల్లేదు. కొందరు దానితోనే ఏళ్ల తరబడి ఉండిపోతారట, నన్నడిగితే అందులో తప్పేం లేదు. అసలు ఇంప్లాంటే అక్కర్లేని దారి కూడా ఉంది, కోరపన్నుని ముందుకి జరిపి సందు మూసేసి, దాని మొన కొంచెం అరగదీసి, కాంపోజిట్ అనే పంటి రంగు పదార్థంతో ఆకారం దిద్దడం. కోరపన్ను కాస్త పచ్చగా, లావుగా ఉంటుంది కాబట్టి అందరికీ నప్పదు. పై పళ్లు ఎత్తుగానో ఇరుకుగానో ఉన్నవాళ్లకి మాత్రం అదే మేలు కావచ్చు, పైగా ఎదుగుదల కోసం ఏళ్లు ఆగే పని లేదు. మొదట వెళ్లిన చోట ఈ రెండిటి గురించీ మాకెవరూ చెప్పలేదు.

మా అమ్మాయికి పన్ను ఏర్పడని చోట ఎముక పలచగా ఉండటంతో కొంచెం ఎముక కూడా వేసి ఇంప్లాంట్ పెట్టారు, అది అతుక్కోవడానికి నాలుగు నెలలు ఆగి క్యాప్ వేశారు. కుడివైపు మేకు పన్నుని కాంపోజిట్‌తో పెద్దది చేశారు. ఇప్పుడు బాగానే ఉంది.

ఒక్క మాట. మీ వ్యాసం పైన వేసిన ఫొటోలో నవ్వుతున్న అమ్మాయికి 13 ఏళ్లు మించి ఉండవు. ఈసారి ఇంప్లాంట్ల గురించి రాసినప్పుడు దయచేసి పెద్దవాళ్ల ఫొటో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు